ఇంటింటికీ గోపమ్మ

“మళ్ల గదే కూత! మనిషి మాట రాదా బిడ్డా దీంట్ల?” అంజయ్య కంప్యూటర్ మీదికి వంగి అరిచాడు.

దాని పక్కన ఫోను తీగకు తగిలించిన మోడెం కీచుమని రెండుసార్లు కూసి ఊరుకుంది.

“జర ఆగు మామా,” అంది సమత తల తిప్పకుండానే. ఆమె అంజయ్య భార్య గోపమ్మకు తమ్ముడి కూతురు. చేవెళ్ల బస్టాండు ఎదురుగా కంప్యూటర్ సెంటర్ నడుపుతోంది. పొద్దున్నే కంప్యూటర్‌తో సహా ఆమెను జీపులో ఎక్కించుకొని, మొయినాబాద్ పక్కనున్న తన ఊరికి తీసుకొచ్చాడు అంజయ్య.

ఆగడానికి అతనికి ఓపికేదీ? ఎల్లుండే పంచాయతీ పోలింగు. సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్లకు పోయింది. అందుకని తన బదులు గోపమ్మను నిలబెట్టాడు. అవతల ఎంకయ్య కూడా భార్యనే నిలబెట్టి, ఆటోకు మైకు కట్టి గల్లీ గల్లీ తిప్పుతున్నాడు. దానికి విరుగుడుగా అంజయ్యకు తట్టిన ఉపాయం ఇది. ఊళ్లో ఫోనున్న ప్రతి ఇంటికీ కంప్యూటరే ఫోన్ చెయ్యాలి. ఎత్తినవాళ్లను గోపమ్మ గొంతు ఓటు అడగాలి. కంప్యూటర్ అంటే చాలు, జనం నోరు తెరుచుకొని చూస్తున్న రోజులవి.

“ఫోను ఎందుకు పోతలేదు?”

“దీన్ని కొన్నప్పుడు మనముండే జాగ హైదరాబాదని పెట్టిండ్రు. పక్కింటికి చేసినా ముంగట ఎస్టీడీ కోడ్ తగిలిస్తున్నది. ఇగో, మార్చిన.”

మోడెం మళ్లీ నంబరు నొక్కింది. ఈసారి రింగు పోయింది. అంజయ్య ముఖం విప్పారింది. అంతలోనే అవతలి నుంచి ఎవరిదో గొంతు చిరాగ్గా వినిపించింది. “హలో... హలో... ఎవలయ్యా? సప్పుడు చెయ్యరేంది?” టక్కున పెట్టేశారు.

“ఏమాయె మళ్ల?”

“వాళ్లు ఎత్తకముందే మన మాట ఒడిసిపోతున్నది. అటు నుంచి ‘హలో’ అన్నంకనే మొదలువెట్టమని దీనికి చెప్పాలె.”

“చెప్పు మరి! ఎంకయ్య ఆటో మన గల్లీలకే వచ్చింది.”

అంజయ్య వాకిట్లోకి పోయి ఆటోను చూశాడు. లోపలికి వచ్చి తెరను చూశాడు. కండువా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకొని మళ్లీ వాకిట్లోకి పోయాడు. మైకులో ఎంకయ్య భార్య పేరు వినిపించినప్పుడల్లా చెవిలో ఎవరో పుల్ల పెట్టి తిప్పినట్టే ఉంది.

“నీకు దండం వెడత మామా, జర ఒక్కతాన కూసో,” అంది సమత.

గోపమ్మ వంటింటి గడప మీద కూర్చొని గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. ఆమె పని పొద్దున్నే అయిపోయింది. అంజయ్య రాసిచ్చిన నాలుగు ముక్కలు చేతిలో పట్టుకొని, తలుపేసుకొని, సమత ముందర మైకులో మాట్లాడింది. బయటి సప్పుడు గొంతులో కలవకూడదని సమత అతన్ని వాకిట్లోనే ఉండమంది.

“నీ గొంతు వణకలేదు గద?” అని అడిగాడు అంజయ్య, ఇది నాలుగోసారో అయిదోసారో.

“వణకలే.”

“ఫికర్ చెయ్యకు. గెలిచినంక నీకు పనేం ఉండది. సంతకం పెడితే చాలు, కడమది నేను చూసుకుంట.”

గోపమ్మ చేతిలోని కాయకు ఈనె లాగింది. ఇంకో కాయ తీసుకుంది.

“అయ్యింది మామా!” సమత కుర్చీ వెనక్కి జరిపింది.

మోడెం ఒక నంబరు తర్వాత ఒక నంబరు తిప్పసాగింది. ఆ రొదకు తల నొస్తున్నదంటూ సమత దాని సప్పుడు తగ్గించేసింది. అటు ఏం వినబడుతోందో విందామని అంజయ్యకు ప్రాణం కొట్టుకుంది. రిసీవరు మీద చెయ్యి వేయబోతే సమత అడ్డుపడింది.

“నువ్వు ఎత్తితే లైను కట్ అయితది. వినాలంటే ఫోనున్న ఇంటికి పో.”

చెప్పులేసుకొని గల్లీలోకి దిగాడో లేదో, రామన్న ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నిన్నటిదాకా ఎంకయ్య వెంట తిరిగిన మనిషి.

“అన్నా, ఫోనొచ్చింది. మా ఇంట్ల ఓట్లన్నీ వదినెకే!”

బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. “సర్పంచమ్మ మంచిగ చెప్పిందే,” అంది ఒకామె. అంజయ్య ఛాతీ ఉబ్బింది. తన రాతకు ఇంత బలముందా! ఏ ముక్క ఇంత పని చేసింది? ‘మీ ఆడబిడ్డ’ అన్నదా? ‘అభివృద్ధి’ అన్నదా? వినకపోతే రాత్రికి నిద్ర పట్టేలా లేదు.

గబగబా సంగయ్య కిరాణా దుకాణానికి పోయాడు.

“నీకొచ్చిందా ఫోను?”

“ఇంక రాలే అంజన్నా. కూసో.”

కూర్చున్నాడు. లేచాడు. గల్లాపెట్టె మీది ఫోను పనిచేస్తోందో లేదో ఒకసారి ఎత్తి చూసి పెట్టాడు. మెహదీపట్నం బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోతే అదే ఫోననుకొని ఉలిక్కిపడ్డాడు.

చివరికి మోగింది. సంగయ్య ఎత్తి “హలో” అన్నాడు. వింటూ వింటూ అంజయ్యను ఎగాదిగా చూశాడు. మీసాల చాటున వచ్చే నవ్వును ఆపుకోలేక, రిసీవరు తెచ్చి అతని చెవికి ఆనించాడు.

గోపమ్మ గొంతే. ఎక్కడా వణుకు లేదు.

“...ఓటు నాకే ఎయ్యుండ్రి. గెలిస్తే సర్పంచి కుర్చీల నేనే కూసుంట. మా ఆయన కూసుంటే, మీరే లేపుండ్రి!”