లివర్ ముట్టే ముందు

ముందు లారీ బ్యాటరీ వైరు పీకాలి. క్రేను కాళ్లు నాలుగూ దించాలి. కాళ్ల కింద చెక్క దిమ్మలు వేయాలి. రోడ్డును రెండు వైపులా ఆపాలి. క్రేను పొడుగు చెయ్యి, బూమ్‌ను, ఖాళీగా ఒకసారి ఎత్తి, ఆయిల్ పారే హోస్ పైపులన్నీ చూడాలి. అన్నీ బాగుంటేనే క్రేను లివర్ ముట్టుకుని బరువు లేపాలి.

క్రేను ఆపరేటర్ హాతీరాం వరసగా ఇవే చేస్తున్నాడు.

లారీ కింద మనిషి మూలుగుతున్నాడు.

భద్రాచలం వెళ్లే అడవి దారిలో, మలుపు దగ్గర, జామాయిలు మొద్దుల లారీ పక్కకు పడిపోయింది. డ్రైవర్ దూకబోయి క్యాబిన్ కింద చిక్కుకున్నాడు. బయటికి ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. కొత్తగూడెం నుంచి క్రేను వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అంబులెన్స్ వెనక తలుపులు తెరిచే ఉన్నాయి.

క్రేను దిగగానే హాతీరాం లారీ దగ్గరికి వెళ్లాడు. నేల మీద బోర్లా పడుకుని, సందులోకి తల పెట్టి ఏదో మాట్లాడాడు. కాళ్లు ఎక్కడ చిక్కాయో అడుగుతున్నాడనుకున్నారు జనం. లేచి, చొక్కా మట్టి కూడా దులుపుకోకుండా పనిలోకి దిగాడు.

లారీ లేచాక లోపలికి దూరి మనిషిని లాగడానికి ఇద్దరు సిద్ధమయ్యారు. ఇల్లందు గనిలో పనిచేసే బెంజమిన్, అతని బామ్మర్ది శాంతికుమార్. బైకు మీద పోతూ ఆగినవాళ్లు.

"నువ్వు సన్నగున్నవ్ గదరా, ముందు నువ్వే దూరాలె," అన్నాడు బెంజమిన్.

"దూరుత బావా. నాకేమన్నయితే మా అక్క నిన్ను గడప తొక్కనియ్యది, చూస్కో."

"గట్లనన్న నాలుగు దినాలు హాయిగుంట."

ఇద్దరూ నవ్వారు. భయానికి వచ్చే నవ్వు అది.

ఖాళీ బూమ్ లేచింది. బూమ్‌ను ఎత్తి పట్టే జాకీకి వెళ్లే పైపు మీద ఒకచోట బుడిపెలా పొంగింది. హాతీరాం బూమ్ దించి ఇంజిన్ ఆపేశాడు.

"ఏందయ్యా, ఆపినవ్?" అరిచాడు కానిస్టేబుల్ వెంకటకృష్ణ.

"పైపు ఉబ్బింది సారూ. మార్చాలె."

"ఎంతసేపు?"

"అరగంట పడ్తది."

"అరగంటనా! ఆడ మనిషి పోతుండు!"

"బరువు మీద పైపు పగిల్తే బూమ్ ఒక్కసారే కూలుతది సారూ. ఈ బండికి లాక్ వాల్వు లేదు."

పైపు పగిలినా బూమ్‌ను పడిపోకుండా పట్టి ఉంచేది ఆ వాల్వే. బూమ్ దిగడం ఆలస్యమవుతోందని ఓనరు ఎప్పుడో దాన్ని పీకేయించాడు.

"ఒక్క అడుగు లేపన్నా, చాలు," బతిమాలాడు బెంజమిన్. "రెండు నిమిషాల్ల గుంజేస్తం. కింద మొద్దులు పెట్టుకుంట పోతం."

"మొద్దు పెట్టే చెయ్యి గూడ లారీ కిందనే ఉంటది తమ్మీ."

"మేం రెడీ అంటున్నం గదా! మధ్యల నీకేంది?"

హాతీరాం అతని వైపు చూడలేదు.

"మీరు గూడ ఒకళ్లు కన్న పిల్లలే," అంటూ స్పానర్ తీశాడు.

జనం తిట్లు అందుకున్నారు.

"పానం కంటే పైపు ఎక్కువైందా నీకు?"

"అది గుండె గాదు, బండరాయి!"

ఒకడు ఫోను తెచ్చి అతని ముఖం మీద పెట్టి వీడియో తీశాడు. వెంకటకృష్ణ మాత్రం పక్కవాడితో మెల్లగా అన్నాడు.

"భయం పట్టుకుంది పాపం. వెనకట ఈయన క్రేను పైపే పగిలి, కింద ఉన్నాయన పోయిండట."

నట్టు మొరాయించింది. ఆయిల్‌కు చేతులు జారాయి. సందులోంచి "నీళ్లు" అని వినిపించింది. బెంజమిన్ పడుకుని బాటిల్ అందించాడు.

"అయిపోయింది తమ్మీ, ఇంకొంచమే," అన్నాడు లోపలికి.

పాత పైపు ఊడింది. హాతీరాం క్రేనులో ఉంచుకున్న కొత్తది ఎక్కించి బిగిస్తున్నాడు.

మూలుగు ఆగిపోయింది. బయటికి ఉన్న చెయ్యి గుప్పిట విప్పి అలాగే ఉండిపోయింది.

స్పానర్ కూడా ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ తిరిగింది.

బిగించాక హాతీరాం ఖాళీ బూమ్‌ను ఇంకోసారి ఎత్తి చూశాడు. జనం రాళ్లు వెతుక్కునేదాకా వచ్చారు. అప్పుడు గొలుసు తగిలించి లారీని లేపాడు. అది లేచినచోట కదలకుండా నిలిచింది. బావా బామ్మర్దులు లోపలికి దూరారు. మనిషిని లాక్కొచ్చారు. ఇద్దరి ఒంటి మీదా గీత కూడా పడలేదు.

డ్రైవర్ ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

శాంతికుమార్ ఏడుస్తూ వచ్చి హాతీరాం చొక్కా పట్టుకున్నాడు.

"అప్పుడే లేపితే బతికేటోడు! నీ వల్లనే పోయిండు!"

"అవ్," అన్నాడు హాతీరాం.

పాత పైపు ఆ ఒక్కసారికి తట్టుకునేదేమో. తట్టుకునేది కాదేమో. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

శాంతికుమార్ చొక్కా వదిలాక హాతీరాం లారీని నిదానంగా నేలకు దించాడు. బూమ్ మడిచాడు. ఇంజిన్ ఆపి తాళంచెవి వెంకటకృష్ణ చేతిలో పెట్టాడు. ఎవరూ పిలవకుండానే అంబులెన్స్ ఎక్కి, శవం పక్కన కూర్చున్నాడు.

మీరెప్పుడైనా ఆ మలుపు దాటితే హాతీరాంను ఒక్కసారి తలుచుకోండి, ఆ లారీ కింద ఉన్నది అతని కొడుకు కోటేష్.