సరోజిని గారి గొంతు

"మాకు మీ ఆవిడ గొంతు ఒక్కటే కావాలండి. మీరు అక్కర్లేదు," అన్నాడు సోమేశ్వరరావు, మొహమాటం లేకుండా.

హార్మోనియం తుడుచుకుంటున్న కేశవరావు తలెత్తలేదు. పక్కన చాప మీద కూర్చున్న సరోజిని మొగుడి వైపు చూసింది.

సోమేశ్వరరావు మద్రాసులో ఒక గ్రామఫోన్ కంపెనీ మనిషి. కొత్త గొంతుల కోసం ఊళ్ళు తిరుగుతుంటాడు. కపిలేశ్వరపురంలో బుచ్చిరాజు గారింట పెళ్ళికి కేశవరావు, సరోజిని దంపతుల కచేరీ ఉందని తెలిసి, ఆ ఉదయమే లాంచీ దిగేడు. ఒక్క మైకు ఇద్దరి మధ్యా పెట్టుకుని ఆ జంట రెండు గంటల సేపు పాడితే, విస్తళ్ళు వేశామని మూడుసార్లు పిలిచినా జనం పందిట్లోంచి లేవలేదు. భోజనాలయ్యాక బుచ్చిరాజు గారే అతన్ని పెరటి వైపు గదిలోకి, వాళ్ళ దగ్గరికి తీసుకొచ్చేరు.

"పదేళ్ళ జంటండి వాళ్ళది," అన్నారు బుచ్చిరాజు గారు సర్దుబాటుగా. "అమలాపురం నించి రాజోలు దాకా, ముందు వీళ్ళ తారీకు చూసుకుని తర్వాత ముహూర్తం పెట్టుకుంటారు. ఇద్దర్నీ తీసుకెళ్ళండి."

"పందిట్లో జంట బావుంటుందండి. రికార్డులో గొంతు బావుండాలి. ఏమనుకోకండి కేశవరావు గారూ, మీరు అందుకున్నప్పుడల్లా కొబ్బరి కోరినట్టుంది. ఆవిడ అందుకున్నాకే నేను మళ్ళీ ఊపిరి తీసుకున్నాను."

"ఏమీ అనుకోనండి. ఉన్న మాటే," అన్నాడు కేశవరావు.

"అయితే వచ్చే నెల ఆవిణ్ణి మద్రాసు పంపండి. నాలుగు పాటలు చేయిద్దాం. ఆ నాలుగూ బయటికొస్తే సినిమా వాళ్ళు మీ గుమ్మంలో ఉంటారు."

"ఆవిడ రాదండి."

"ఆ మాట ఆవిడే చెబుతారు లెండి."

"నేను రానండి," అంది సరోజిని. మాట బొంగురుగా వచ్చింది. రెండు గంటలు పాడిన మనిషికి ఆ మాత్రం మామూలే అనుకున్నాడు సోమేశ్వరరావు.

"ఎందుకమ్మా? పిల్లలు చిన్నవాళ్ళా?"

"పిల్లల్లేరండి."

"ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

"లేరండి."

"మరి?"

ఆవిడ చాప అంచు గోటితో గీకుతూ కూర్చుంది. కేశవరావు తుడిచిన మెట్లే మళ్ళీ తుడుస్తున్నాడు.

బుచ్చిరాజు గారికి ఓపిక చచ్చింది. తన కూతురి పెళ్ళిలో పాడిన మనిషి పాట దేశమంతా మోగుతుందంటే ఆయనకి తన ఇంటి ఆడపడుచు సంగతిలాగే ఉంది.

"కేశవరావు గారూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రికార్డు మీద మీ ఆవిడ పేరొక్కటే ఉంటే మీకు కష్టంగా ఉందాండీ?"

కేశవరావు చేతిలో గుడ్డ మడత పెట్టేడు. "ఆయ్. అలాగే అనుకోండి."

"నేననుకోవడం కాదండి. రేపీ సంగతి కోనసీమంతా పాకిపోతుంది. పెళ్ళాం పైకొస్తుంటే చూడలేక నోరు నొక్కేడంటారు. మళ్ళీ ఎవరి పందిట్లో అయినా తలెత్తుకుని కూర్చోగలరా మీరు?"

"అననివ్వండి. పడతాను."

సోమేశ్వరరావు సంచీ భుజాన తగిలించుకున్నాడు. చెడ్డ మొగుళ్ళని చాలామందిని చూసేడు గానీ, ఇంత నెమ్మదస్తుడైన చెడ్డ మొగుణ్ణి చూడలేదు.

"ఆగండి," అంది సరోజిని.

ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"రాజుగారూ, ఆ తలుపు ఓసారి దగ్గరికి వెయ్యండి. పల్లవీ ఒక చరణమూ వినిపిస్తాం. విన్నాక ఈయన ఏం మాట పడాలో మీరే చెబుదురు గాని."

"సరోజినీ, వద్దు." కేశవరావు అందాకా అంత గట్టిగా మాట్లాడలేదు.

"నా మూలంగా మీరు పడ్డ మాటలు చాలండి. శ్రుతి పెట్టండి."

ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసేడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. చివరికి హార్మోనియం దగ్గరికి లాక్కున్నాడు.

సోమేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. సంచీ దింపి, గోడకి జేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. "మీరు కానివ్వండమ్మా. రికార్డులో మనిషి కనపడదు కదండీ, నేను పరీక్ష చేసేటప్పుడు ఇలాగే వింటాను."

శ్రుతి నిలబడింది. తర్వాత పాట వచ్చింది. పొద్దున కచేరీలో ఆఖర్న పాడిన పడవ పాటే. మైకు లేదు, పిల్లల గోల లేదు. గొంతు సన్నగా మొదలై, ఒక్కో మెట్టే ఎక్కి, పైకి వెళ్ళేకొద్దీ మరింత మెత్తబడింది. పడవ అవతలి ఒడ్డుకి పోతుంటే ఈ ఒడ్డున నిలబడిపోయిన ఆడమనిషి బెంగ అంతా అందులో ఉంది. నాలుగు కాదు, ఎనిమిది పాటలు చేయించాలనుకున్నాడు సోమేశ్వరరావు. కావలిస్తే ఆ మొగుడి కాళ్ళయినా పట్టుకోవాలనుకున్నాడు.

చరణం సగంలో ఉండగా బుచ్చిరాజు గారు అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. సోమేశ్వరరావు కళ్ళు తెరిచేడు.

ఆ గొంతు అలా పాడుతూనే ఉంది. సరోజిని మాత్రం తల వెనక్కి వాల్చి, చెంబెత్తి, గటగటా మంచినీళ్ళు తాగుతోంది.