ముందు వెళ్ళినవాడు

"పదకొండు రోజులు! వాడు ఇక్కణ్ణించి వెళ్ళి పదకొండు రోజులైందట, విన్నావా?"

కింద లాడ్జి ఓనరమ్మను అడిగి పైకొచ్చిన డ్రైవింగు మాస్టారు, బస చేసిన గదిలో బుసలు కొట్టారు. కాళ్ళకున్న బొబ్బలు చాలవన్నట్టు నోటితో కూడా బొబ్బలు పెడుతున్నారు.

ఆయన భార్య రెండు కాళ్ళూ వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "విన్నాను. ఎదురింటివాళ్ళు కూడా విన్నారు."

కొండదారి పట్టి పన్నెండు రోజులు. ఇంకా అంతే దారి ఉంది. మధ్యలో ఈ చిన్న ఊరు, ఈ ఒక్క రోజు విశ్రాంతి. ఉతికిన మేజోళ్ళు కిటికీకి వేలాడుతున్నాయి. మంచానికి దుప్పటి ఉంది, కుళాయిలో నీళ్ళున్నాయి. అయినా మాస్టారికి పాదయాత్ర కాస్తా బాధయాత్ర అయిపోయింది. కారణం, సుడిగాలి.

గాలి కాదు, మనిషి. ఆ దారిలో నడిచేవాళ్ళు సొంత పేర్లు ఇంట్లో వదిలేసి, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుంటారు. రాత్రి తలదాచుకునే గుడిసెల్లో ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్ళు అందులో ఒక ముక్క రాసిపోతారు. ఆరు రోజుల కిందట ఒక గుడిసెలో ఆవిడ ఆ పుస్తకం తెరిచింది.

"ఈ గుడిసె పైకప్పు కారదు. కారేది మన ముక్కులే. ఇట్లు, సుడిగాలి."

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తన జోకుకు అందులో పావు వంతు కూడా నవ్వలేదని మాస్టారికి అప్పుడే గుర్తొచ్చింది.

"ఎవడీ కారుముక్కుల కవి? ఎప్పుడొచ్చాడు?" అని గుడిసె కాపలాదారుని అడిగారు.

"నిన్న రాత్రి ఇక్కడే పడుకున్నాడండీ."

నిన్నేగా! రేపటికల్లా అందుకోవచ్చనుకున్నారు. తెల్లారకముందే లేచి, నడకకూ పరుగుకూ మధ్యరకంగా పడుతూ లేస్తూ రెండో గుడిసె చేరారు. "అతనా? మూడు రోజులైందండీ" అన్నారక్కడ. మూడో గుడిసెలో ఐదు. ఆ తర్వాత ఏడు. మొన్న తొమ్మిది. ఈయన ఎంత తొందరపడితే వాడంత దూరమవుతున్నాడు. పుస్తకం తెరిచిన ప్రతిచోటా ఆవిడ మాత్రం నవ్వుతూనే ఉంది.

"ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ ఓవర్‌టేక్ చెయ్యడం నేర్పినవాణ్ణి! నన్నే దాటిపోతాడా? వాడికి సుడి, నాకు గాలీనా?"

"మిమ్మల్ని ఎప్పుడు దాటాడండీ? మీరు చూశారా?"

"మనం నిద్రలో ఉన్నప్పుడు దాటుంటాడు. హారన్ కొట్టకుండా!" అంటూ మాస్టారు మంచం కింది బూట్లు లాగారు.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎక్కడికి?"

"బయల్దేరుతున్నా."

"మందుల షాపాయన ఏం చెప్పాడు? ఇవాళ బూటు తొడిగితే బొటనవేలి గోరు అందులోనే ఉండిపోతుందన్నాడా లేదా?"

"గోరు మళ్ళీ మొలుస్తుంది. పరువుకి ఆ సదుపాయం లేదు."

"నేను ఇవాళ అడుగు కదపను."

"కదపొద్దు. రేపు బస్సులో వచ్చి కొస దగ్గర కలుసుకో. దారిలో చదువుకోడానికి వాడి కవిత్వం ఉందిగా, నేనెందుకు?"

ఆవిడ బకెట్లోంచి కాళ్ళు బయటికి తీసింది.

"కలిసి మొదలుపెట్టాం, కలిసే ముగిద్దాం అన్నారు" అందావిడ నెమ్మదిగా. "మీరు ఒక్కరే ఆ గుమ్మం దాటారంటే బస్సెక్కుతాను. కానీ కొసకి కాదు, ఇంటికి."

"బెదిరిస్తున్నావా?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. మాస్టారు సంచి వీపుకెత్తుకుని గుమ్మం దాటారు.

మెట్టు మెట్టుకీ ఒక "అబ్బా" అంటూ దిగారు. కింద ఓనరమ్మ తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"అప్పుడే బయల్దేరావేంటి బాబూ! ఇవాళంతా ఉంటామన్నారుగా?"

"పనుంది. అమ్మా, ఆ సుడిగాలి పదకొండు రోజుల్లో ఎంత దూరం పోయుంటాడు? రాత్రీ పగలూ నడిస్తే ఎక్కడ అందుకోవచ్చు?"

"అందుకోవడమా?" ఓనరమ్మ చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఆగిపోయింది. "అతను నడక మొదలుపెట్టింది అటు కొస నుంచి బాబూ. ఇక్కడ ఒక రాత్రి పడుకుని మీరొచ్చిన దారినే దిగిపోయాడు. రేపో ఎల్లుండో మీరు బయల్దేరిన చోటికి చేరిపోతాడు. మధ్యలో ఎక్కడో మీకు ఎదురుపడే ఉండాలే!"

మాస్టారి వీపు మీది సంచి దానంతటదే జారి నేల మీద కూలబడింది. దాని పక్కన ఆయనా కూలబడ్డారు.

మెట్ల మీద తడి అడుగుల చప్పుడైంది. భార్య వచ్చి, ఎదురుగా కూర్చుని, ఆయన బూటు తాడు విప్పసాగింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు.

"నీకు... ముందే తెలుసా?"

"అతని రాత మొదట చూసిన గుడిసెలోనే కాపలాదారు చెప్పాడు. ఇక నా వల్ల కాదు, పొద్దున్నే ఇంటికి పోదాం అని మీరు ఆ సాయంత్రమేగా మొండికేసింది! తెల్లారేసరికి నాకంటే ముందు లేచి బూట్లు తొడుక్కుని నిలబడితే, ఎందుకు చెబుతానండీ?"