ఐస్ పెట్టెలో ఉలవలు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు, సుజన తెప్పించిన ఉలవలు ఖమ్మం ల్యాబులో రెండోసారి ఫెయిలయ్యాయి.

క్యాన్సర్ కణం పక్కకు పాకడానికి కత్తెరలాంటి ఎంజైములను వాడుకుంటుంది. ఉలవల్లో ఉండే ఒక ప్రొటీన్ ఆ కత్తెరను పట్టి ఆపుతుంది. ములకలపల్లి అడవి అంచు తండాలో దేవ్లా నిరుడు ఇచ్చిన దోసెడు గింజలు ఆ పని చేశాయి. ఆ ఫలితం మీదే సుజన పీహెచ్‌డీ నిలబడింది.

అప్పుడు దేవ్లా భార్య మంగ్లి ఊళ్లో లేదు. ఈ ఏడు గింజలు ఆమె చేతి మీదుగా వస్తున్నాయి.

"నీ ఉలవల్లో ప్రొటీన్ సెలవు పెట్టిందమ్మా," అన్నాడు గైడు వెంకటరామారావు. "ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ రాకపోతే టాపిక్ మార్చుకో."

సుజన బస్సును అనుమానించింది. వేడికి ఆ ప్రొటీన్ చెడిపోతుంది. గింజల సంచి రెండుసార్లూ ఇంజను పక్కనే వచ్చింది. ఈసారి ఐస్ పెట్టె కొని, తానే తండాకు బయల్దేరింది.

"ఎల్లుండి రా బిడ్డా," అంది మంగ్లి. అడిగిన రోజు ఆమె ఎప్పుడూ ఇవ్వదు.

సుజన మళ్లీ వెళ్లేసరికి గింజలు సంచిలో సిద్ధంగా ఉన్నాయి. రంగు కాస్త ముదిరింది. ఈ నేల తీరు అనుకుంది. సంచిని ఐస్ మధ్యలో పెట్టింది.

"మా ఇంట్ల ఫ్యాన్ తిరగక నెలయింది. ఉలవలకు ఏసీ పెట్టినవా?" అన్నాడు దేవ్లా.

"నా చదువంతా ఈ పెట్టెలోనే ఉంది బాబాయ్."

"నీ నసీబు మంచిగున్నది. మా ఆమె సొంత చెల్లె సక్రి నిన్న గిన్నె పట్టుకొని వస్తే ఉత్త చేతుల పంపింది. మేం విత్తకముందు ఇంటి విత్తనం గడప దాటొద్దట. నిరుడు నీకిచ్చిన్నని నన్ను ఎన్ని మాటలన్నదో."

"మరి నాకెలా ఇస్తున్నావు పిన్నీ?" అడిగింది సుజన.

మంగ్లి పెట్టె మూత తనే వేసింది.

"నీకిచ్చేది విత్తనం కాదు బిడ్డా, ఉడకబెట్టి మళ్ల ఎండబోసిన తిండి."