మెట్ల గోడ మీద గాజుముక్క

ఆ ముసలాయన మెట్ల పక్క గోడకి చెవి ఆనించి వింటున్నాడు.

అది చూసి టీచరమ్మ గుండె గుభేలుమంది.

అద్దె ఇంట్లో నడిచే ఆ బడిలో పద్దెనిమిది మంది పిల్లలున్నారు. అందరూ అయిదేళ్ళ లోపువాళ్ళే. గేటు దగ్గర ఉండాల్సిన వాచ్‌మన్ మెట్ల కింద గదిలో గుర్రు పెడుతున్నాడు. ఆ ఒక్క పనీ అతను ఏనాడూ నాగా పెట్టలేదు.

“ఎవరు కావాలండీ?”

“ఎవరూ వద్దమ్మా.”

“మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా?”

“మనవరాలుంది నాకు.” ఆ మాట అంటుంటే ఆయన మొహం వెలిగింది. “ఇక్కడ కాదులెండి.”

“మరి ఇక్కడేం పని?”

ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆయన నిలబడ్డ చోట గోడ మీద సన్నటి పగులుంది. దానికి అడ్డంగా వేలెడంత గాజుముక్క సిమెంటుతో అతికించి ఉంది. పక్కనే పెన్సిల్‌తో తేదీ.

వాచ్‌మన్‌ని లేపి చూపించింది.

“అమ్మో, ఇది గుర్తు టీచరమ్మా! పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ముందు ఇలాగే గుర్తు పెట్టి పోతారట.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు.”

భయానికి సాక్ష్యాలతో పనేముంది? ఆ వారమంతా ఆమెకి అన్నం సయించలేదు. గంటకోసారి పిల్లల్ని లెక్కపెట్టుకునేది. పదిహేడు వచ్చిందంటే పై ప్రాణాలు పైనే పోయేవి. తీరా చూస్తే ఒకడు బల్ల కింద దూరి కిసుక్కున నవ్వేవాడు.

ఆరో రోజు పొద్దున ఆ గాజుముక్క రెండుగా చిట్లి ఉంది. పిల్లల వేళ్ళు తెగుతాయని చెంచాతో గీకి పారేసింది. ఆ మధ్యాహ్నమే ముసలాయన మళ్ళీ వచ్చాడు.

“అమ్మా, ఇక్కడ గాజుండాలి?”

“తీసేశాను. పగిలిన గాజు పిల్లలకి గుచ్చుకుంటే ఎవరిది పూచీ?”

“పగిలిందా? మీరు తియ్యకముందే పగిలిందా?”

“రెండు ముక్కలై ఉంది.”

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“గోడ కదలందే గాజు పగలదమ్మా. పిల్లల్ని బయటికి పంపెయ్యండి. ఇప్పుడే!”

పిల్లల్ని బయటికా! ఓహో, ఇదా వీడి ఎత్తు అనుకుంది.

“వాచ్‌మన్!”

వాచ్‌మన్ ఆయన్ని మెడ పట్టి గేటు బయటికి నెట్టాడు. ముసలాయన బోర్లా పడి లేచాడు. “తాపీమేస్త్రీనమ్మా, నా మాట వినండి,” అంటూనే ఉన్నాడు. ఆమె తలుపు వేసేసుకుంది.

ఇంటి యజమానికి ఫోన్ చేస్తే, “మొన్ననే రంగులు వేయించాను, గోడకేం రోగం?” అన్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆమె వచ్చేసరికి గేటుకి లోపలినుంచి గొలుసు, కొత్త తాళం. లోపల ముసలాయన.

పిల్లలూ తల్లులూ రోడ్డు మీద పోగయ్యారు. ఆమె లెక్కపెట్టింది. పదిహేడు. మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడే.

అందరికంటే ముందు ఎనిమిదింటికే వచ్చేసే నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉంది. అందరూ ‘కోడికూత’ అంటారు. అది లేదు.

“పిల్లేదిరా?” జన్మలో ఎవర్నీ ‘రా’ అనని మనిషి గొంతు చించుకుని అరిచింది. “తియ్యరా గేటు!”

“గేటు ముట్టుకోకండమ్మా! అందరూ దూరంగా పొండి!” అంటుండగానే లోపల ఏదో చిటచిటమంది. ముసలాయన మెట్ల కిందికి పరుగెత్తాడు.

లోపల తలుపు దబదబా బాదిన చప్పుడయింది. తర్వాత పెళపెళమని ఇంకో చప్పుడు. ఆపైన దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

ఆమె రోడ్డు మీదే కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఆ తల్లికి ఏం చెప్పాలి? ఏ మొహంతో చెప్పాలి?

ఎవరో చెయ్యి పట్టుకు లాగారు.

“టీచర్, తాత నన్ను కొట్టు దగ్గర కూర్చోమన్నాడు. గోడకి ఒంట్లో బాలేదట.”

కోడికూత! చేతిలో సగం కొరికిన బిస్కెట్.

ఆమె ఆ పిల్లని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంతలో వెనక సందులోంచి ఒళ్ళంతా దుమ్ముతో వాచ్‌మన్ వచ్చాడు.

“నిద్రలో ఉన్న నన్ను లేపి, వెనక తలుపులోంచి బయటికి నెట్టేశాడు టీచరమ్మా. ఆయన రాలేకపోయాడు.” నిన్న ఆ మెడ పట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మూడో రోజు ఆమె ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒకటే గది. గుమ్మంలో కూర్చున్న ఆయన కూతురు పక్కకి జరిగి దారిచ్చింది. లోపల మంచం మీద పదకొండేళ్ళ పిల్ల, నడుం దాకా దుప్పటి.

“తాత పోయింది మీ బడిలోనేనా?”

టీచరమ్మ తలూపింది. ఇన్నాళ్ళ భయం ఒకెత్తు, ఈ పిల్ల ఇప్పుడేమంటుందోనన్న భయం ఒకెత్తు.

ఆ పిల్ల మాత్రం తాత కబుర్లు మొదలుపెట్టింది. నలభై ఏళ్ళు తాపీ పట్టిన చెయ్యట. జడ వెయ్యాలన్నా పాపిడికి మేస్త్రీల నూలుదారం పట్టి చూసేవాడట. రోజూ స్నానానికి ఎత్తుకెళ్తూ, “లిఫ్టొచ్చింది, ఏ అంతస్తు మేడమ్?” అని అడిగేవాడట. మనవరాలికి అన్నం పెట్టాక జేబునిండా గాజుముక్కలు వేసుకుని, ఊళ్ళో ఉన్న బడులన్నీ ఒక్కొక్కటే చూసి వచ్చేవాడట.

“మీ తాత దేవుడమ్మా,” అంది టీచరమ్మ కళ్ళొత్తుకుంటూ.

“అలా అంటే తాత ఒప్పుకోడండి.”

“ఎందుకని?”

ఆ పిల్ల కాళ్ళ మీది దుప్పటి సర్దుకుని, ఏ కోపమూ లేకుండా చెప్పింది.

“నాలుగేళ్ళ కిందట మా బడిలో నా మీద పడిన గోడ, తాత కట్టిందేనండి.”