కిటికీలో గ్లాసు

"గోడలకి ఆనుకోకండి. పాత ఊరు కదా, ముసలాళ్లలాగే దీనికీ కోపమెక్కువ," అన్నాడు గైడు. ఊరు చూడ్డానికొచ్చినవాళ్లంతా నవ్వారు. వాళ్లని ముందు నడవనిచ్చి, అలవాటుగా తను వెనకే బయల్దేరాడు.

రాతి ఇళ్ల వీధిలో ప్రతి కిటికీ గట్టు మీదా ఒక గాజుగ్లాసు, అందులో సగానికి నీళ్లు, నీళ్ల మట్టానికి చుట్టూ నల్లగీత.

"ఇవెందుకండీ?" వాళ్లలో అందరికన్నా ముందు నడుస్తున్న ఒక టీచరమ్మ వెనక్కి తిరిగి అడిగింది.

"పెద్దల నాటి ఆచారం లెండి," అని గైడు మాట దాటేశాడు.

చివరి ఇల్లు అతని మేనత్తది. గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. గ్లాసులో నీళ్లు ఒక పక్క గీత దాటాయి, రెండో పక్క కిందికి దిగాయి.

"పొద్దున సరిగ్గానే ఉన్నాయిరా. ఊరి కింద పాత గని కుంగుతున్నట్టుంది. వీధంతా ఇలాగే ఉంటే అందర్నీ పొలాల్లోకి పరిగెత్తించు."

"లేదత్తా, ప్రతి గ్లాసూ చూసుకుంటూనే వచ్చాను. అన్నీ గీత మీదే ఉన్నాయి." ఆ మాట అన్నాక అతనికే ప్రాణం లేచొచ్చింది. "నీ గట్టే పాతదై ఒరిగుంటుంది."

అత్త కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

అంతలో టీచరమ్మ లోపలికొచ్చింది. చేతిలో ఊరి బొమ్మ ఉన్న కరపత్రం, చించగా చించగా అంచు మాత్రమే మిగిలింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి గ్లాసు కిందికి తోసింది.

"క్లాసులో బల్లలకీ ఇలాగే పెడతానండీ. ఒంకర చూస్తే నా చెయ్యి ఊరుకోదు," అంది. "మీ వీధిలో ఒక్కటీ తిన్నగా లేదు. అన్నీ సరిచేసుకుంటూ వచ్చాను."