దేవదాస్ మంత్రి

“దేవదాస్ మళ్ల గదే ఆట ఆడుతుండు!” పక్కన కూర్చున్న దోస్తు పర్శరాములు కుమారస్వామి చెవిలో గొణిగాడు.

కుమారస్వామి మీసాల్లో నవ్వుకున్నాడు. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నెల రోజులుగా నిద్ర పాడుచేసుకుంది ఈ ఆట కోసమే.

గోదావరిఖని బొగ్గుబాయి కాలనీలో మేడే చదరంగం ఫైనల్. ఆటగాళ్లిద్దరూ గని కార్మికులే. మూడేళ్లుగా కప్పు దేవదాస్ ఇంట్లోనే తిష్ఠవేసింది. ఒక్కసారైనా దాన్ని తన ఇంటికి తేవాలని కుమారస్వామి పంతం. ఈసారి తెల్ల పావులు అతనివి.

దేవదాస్‌ది ఎప్పుడూ ఒకటే ఎత్తుగడ. పేరు స్కాండినేవియన్. ఎదుటివాడు రాజు ముందున్న బంటును జరపగానే తన బంటును ఎర వేస్తాడు. అది పోగానే, కొట్టిన బంటును మంత్రితో కొట్టేస్తాడు. అంటే రెండో ఎత్తుకే మంత్రి నడిమధ్యకు వచ్చి నిలబడుతుందన్నమాట. అంత తొందరపడి బయటికొచ్చిన మంత్రిని తరిమి తరిమి కొట్టడమే కుమారస్వామి నేర్చుకున్న దాడి.

మైకు అందుకుని తన ఎత్తు చెప్పాడు. గుర్రం దూకింది. మంత్రి అంచుకు తప్పుకుంది. ఒంటె గురిపెట్టింది. మంత్రి మళ్లీ కదిలింది.

జనం ఈలలు వేస్తున్నారు. అన్నీ సరైన ఎత్తులే. అయినా మంత్రి కదిలిన ప్రతిసారీ కుమారస్వామికి మనసు చివుక్కుమంటోంది.

“గా మంత్రి మీదనే ఏందిరా నీ కన్ను? రాజును చూడరాదు!” పర్శరాములు కసిరాడు.

“చూస్తున్న తియ్యి అన్నా.”

దేవదాస్ మహా నింపాది మనిషి. ఒక్కో ఎత్తుకు ఒక చాయ్ తాగుతాడు. ఎండ ముదిరింది. పందిరి కింద కూర్చున్నవాళ్లకే చెమటలు కారుతున్నాయి.

నల్లరాజు చుట్టూ తెల్లదండు దిగింది. ఏనుగులు రెండూ ఒకే వరుసలోకి వచ్చాయి. దేవదాస్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“గెలిచినట్టే తమ్మీ!” పర్శరాములు ఉబ్బిపోయాడు. “జర నిమ్మళంగ ఆడు. మంత్రికి మంత్రిని మాత్రం ఇయ్యకు. నీ మంత్రి ఉంటెనే దాడి. ఇంకో గంటల కప్పు నీదే.”

“ఇంకో గంటనా?”

“అయితేంది? నీకేం తొందరొచ్చె?”

కుమారస్వామి బల్ల మీది కప్పు వైపు చూశాడు. దేవదాస్ మంత్రి వైపు చూశాడు. మైకు తీసుకున్నాడు. తన మంత్రిని పోగొట్టుకుంటూ ఆ మంత్రిని కొట్టేశాడు.

జనం ఉసూరుమన్నారు. దేవదాస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. చాయ్ గ్లాసు పక్కన పడేసి చటుక్కున తిరిగి కొట్టాడు.

“చేతికచ్చిన ఆట ఖరాబు చేస్తివి గదరా! దాడి సల్లవడ్డది. కప్పు మళ్ల వానిదే!” పర్శరాములు తల పట్టుకున్నాడు.

“పోతె పోనీ అన్నా.” కుమారస్వామి హాయిగా నవ్వి, పందిరి కింద ఖాళీగా ఉన్న కుర్చీని తన దగ్గరికి లాక్కున్నాడు.

ఆలుమగలను ఒకే జట్టులో నిలబెట్టకూడదన్న కాలనీ కట్టుబాటు పుణ్యమా అని, మనుషులే పావులైన ఆ మైదానంలో సున్నపు గళ్ల మీద పొద్దుటి నుంచీ దేవదాస్ మంత్రిగా ఎండకు మాడిన రేవతి, అట్ట కిరీటంతో విసురుకుంటూ వచ్చి మొగుడి పక్కన కూలబడింది.